పోస్ట్‌గ్రెస్ 12 నుంచి 17కి: ఏ ప్యాకేజీ వేసుకోవాలి, ఏ దారిలో వెళ్లాలి?

మీ ప్రశ్నను ముందు నా మాటల్లో చెప్తాను, ఎక్కడైనా తేడా ఉంటే సరిచెయ్యండి. గుంటూరులో కోల్డ్ స్టోరేజీలకు బిల్లింగ్ సాఫ్ట్‌వేర్ నడుపుతున్నారు. ఉన్నది ఒకే సర్వర్. అందులో ఓఎస్ (ఆపరేటింగ్ సిస్టమ్) ఉబుంటు 20.04, దాంతో పాటు వచ్చిన డేటాబేస్ ప్రోగ్రామ్ పోస్ట్‌గ్రెస్ 12, డేటా 60 జీబీ దాకా. రైతుల పేర్లు వెతకడానికి పీజీ_టీఆర్‌జీఎమ్ ఎక్స్‌టెన్షన్ (పోస్ట్‌గ్రెస్‌కు తగిలించే అదనపు ప్రోగ్రామ్) వాడుతున్నారు. మీరు అడిగినవి మూడు. ఉబుంటు ఇచ్చే ప్యాకేజీతోనే ఉండాలా, పోస్ట్‌గ్రెస్ వాళ్ల సొంత రిపాజిటరీకి (ప్యాకేజీలు దించుకునే చోటుకి) మారాలా? 12 నుంచి నేరుగా 17కి వెళ్లొచ్చా, 13, 14 అంటూ ఒక్కో మెట్టూ ఎక్కాలా? ఓఎస్ కూడా మార్చాల్సి ఉంది కాబట్టి ఏది ముందు?

మీ స్థానంలో నేనుంటే చేసేది ఇదీ: కొత్త సర్వర్ ఒకటి తీసుకుని ఉబుంటు 24.04 వేస్తాను. దాని మీద పోస్ట్‌గ్రెస్ వాళ్ల రిపాజిటరీ (అందరూ పీజీడీజీ అనేది) నుంచి పోస్ట్‌గ్రెస్ 17 వేస్తాను. ఒక రాత్రి సాఫ్ట్‌వేర్ ఆపి, పాత సర్వర్ నుంచి డంప్ (డేటా మొత్తానికి కాపీ) తీసి కొత్తదాంట్లో రీస్టోర్ చేస్తాను, అంటే తిరిగి ఎక్కిస్తాను. మధ్యలో మెట్లేమీ అక్కర్లేదు, 12 నుంచి 17కి నేరుగా వెళ్లొచ్చు. పాత సర్వర్ మీద ఓఎస్ అప్‌గ్రేడ్ జోలికి మాత్రం వెళ్లను.

ఇక కారణాలు.

పోస్ట్‌గ్రెస్ ఏటా ఒక మేజర్ వెర్షన్ (12, 13 లాంటిది; 14.3, 14.4 లాంటి చిన్న సవరణలు మైనర్లు) విడుదల చేస్తుంది, ఒక్కోదానికి 5 ఏళ్లు సపోర్ట్ ఇస్తుంది. 12 వచ్చింది 2019 అక్టోబర్‌లో, దాని సపోర్ట్ 2024 నవంబర్‌లో ముగిసింది. ఉబుంటు 20.04 మామూలు సపోర్ట్ కూడా 2025 మేలో అయిపోయింది. అంటే మీ సర్వర్‌లో కింద ఓఎస్‌కూ పైన డేటాబేస్‌కూ రెండింటికీ మామూలుగా వచ్చే ప్యాచ్‌లు (లోపాల సవరణలు) ఆగిపోయాయి. సాఫ్ట్‌వేర్ ఈ రోజు బాగానే నడుస్తోందని దీన్ని వాయిదా వెయ్యకండి. రైతుల అప్పులు, బాండ్లు, సరుకు లెక్కలు ఉన్న సర్వర్ అది.

ప్యాకేజీ ఎంచుకునేటప్పుడు నేను చూసేది ఒక్కటే: వచ్చే నాలుగైదేళ్లు దీనికి ప్యాచ్ ఎవరు ఇస్తారు, మేజర్ వెర్షన్ ఎప్పుడు మారాలో ఎవరు నిర్ణయిస్తారు? ఉబుంటు ప్యాకేజీ తీసుకుంటే మేజర్ వెర్షన్ ఓఎస్‌తో ముడిపడి ఉంటుంది. 20.04లో 12, 22.04లో 14, 24.04లో 16. ఉబుంటు లాంటి ఇంకో ఓఎస్ డెబియన్ 12లో అయితే 15, డెబియన్ 13లో 17. ఓఎస్ మార్చిన రోజే డేటాబేస్ సంగతీ తేల్చుకోవాల్సి వస్తుంది. నాకు ఆ ముడి నచ్చదు. నడుస్తున్న సర్వర్ మీదే రెండు పెద్ద మార్పులు ఒకే రాత్రి చేస్తే, తెల్లారి ఏదైనా తేడా కనిపించినప్పుడు తప్పు ఓఎస్‌దో డేటాబేస్‌దో తేల్చడానికే సగం రోజు పోతుంది.

పీజీడీజీ రిపాజిటరీలో ఆ ముడి ఉండదు. సపోర్ట్‌లో ఉన్న మేజర్ వెర్షన్లన్నీ అక్కడ దొరుకుతాయి, ఒకే మెషీన్‌లో రెండు మూడు పక్కపక్కనే వేసుకోవచ్చు. ఎక్స్‌టెన్షన్లు కూడా ఒక్కో మేజర్‌కు విడిగా ప్యాకేజీలుగా ఉంటాయి.

అలాగని ఉబుంటు ప్యాకేజీ చెడ్డదని నేను అనను. 24.04లోని 16కు ఉబుంటు వాళ్లు మైనర్ అప్‌డేట్లు క్రమంగా ఇస్తూనే ఉన్నారు. ప్రత్యేకమైన ఎక్స్‌టెన్షన్ ఏదీ లేని చిన్న సర్వర్‌కు, చూసుకునే మనిషి అసలే లేని చోట, నేనే ఉబుంటు ప్యాకేజీ చాలని చెప్తాను. కానీ ఒక లెక్క చూడండి. పోస్ట్‌గ్రెస్ 16 సపోర్ట్ 2028 నవంబర్‌లో ముగుస్తుంది, ఉబుంటు 24.04ది 2029 దాకా ఉంది. 17 తీసుకుంటే 2029 నవంబర్ దాకా నిశ్చింతగా ఉండొచ్చు. ఇంకొకటి, పోస్ట్‌జీఐఎస్ (మ్యాప్ పనులకు వాడే ఎక్స్‌టెన్షన్) లాంటివి ఉబుంటులో యూనివర్స్ విభాగంలో ఉంటాయి. ఆ విభాగానికి సెక్యూరిటీ ప్యాచ్‌లు పూర్తి స్థాయిలో కావాలంటే ఉబుంటు ప్రో (ఉబుంటు వాళ్ల అదనపు సపోర్ట్) పెట్టుకోవాలి. మీకు ఇప్పుడు ఆ అవసరం లేదు. రేపు గోడౌన్లను మ్యాప్ మీద చూపించాలనుకుంటే ఇది గుర్తుంచుకోండి.

పీజీడీజీతో కూడా ఒక జాగ్రత్త ఉంది. ఓఎస్ వెర్షన్‌కు సపోర్ట్ ముగిసిన కొంతకాలానికి దాని ప్యాకేజీలను వాళ్లు అసలు సర్వర్ నుంచి తీసేసి ఆర్కైవ్ సర్వర్‌లో పెడతారు. ఒక రోజు మామూలుగా ఆప్ట్ అప్‌డేట్ (ప్యాకేజీల తాజా జాబితా తెచ్చే కమాండ్) కొడితే 404 ఎర్రర్ వస్తుంది, జనం టెన్షన్ పడతారు. అది పాడైపోవడం కాదు, అడ్రస్ మారింది. కాకపోతే ఆర్కైవ్‌లోకి కొత్త ప్యాచ్‌లు రావు. కాబట్టి పీజీడీజీ వాడినా ఓఎస్‌ను మార్చకుండా ఏళ్లకేళ్లు లాగలేం.

ప్యాకేజీ పేరులో వెర్షన్ నంబర్ తప్పకుండా రాయండి. ఉత్తి 'పోస్ట్‌గ్రెస్‌క్యూఎల్' అని ఇన్‌స్టాల్ చేస్తే అది మెటా ప్యాకేజీ, అంటే వేరే ప్యాకేజీని చూపించే పేరు మాత్రమే. పీజీడీజీలో అది ఎప్పుడూ తాజా మేజర్‌ను చూపిస్తుంది. ఒక ఏడాది అలా 17 వేసుకున్నారనుకోండి, మరుసటి ఏడాది అప్‌గ్రేడ్ కొట్టగానే పక్కన 18 కూడా వచ్చి, ఖాళీ క్లస్టర్ (విడిగా నడిచే డేటాబేస్ సర్వర్) ఒకటి 5433 పోర్ట్ మీద మొదలవుతుంది. మీ పాత డేటాకు ఏమీ కాదు, అది పాత వెర్షన్‌లోనే నడుస్తుంది. కానీ మీకు తెలియకుండా ఇంకో డేటాబేస్ సర్వర్ మెమరీ తింటూ కూర్చుంటుంది. 'పోస్ట్‌గ్రెస్‌క్యూఎల్-17' అని రాస్తే ఆ గొడవ రాదు.

18 ఎందుకు కాదు అని అడుగుతారేమో. అది 2025 సెప్టెంబర్‌లో వచ్చింది, మంచి వెర్షనే. కానీ డబ్బు లెక్కలు ఉన్న చోట కొత్త మేజర్‌కు మూడు నాలుగు మైనర్ విడుదలలు వచ్చాకే దాన్ని ముట్టుకోవడం నా పద్ధతి. దీనికి గట్టి కారణం ఉంది. పోస్ట్‌గ్రెస్ 14లో 14.0 నుంచి 14.3 దాకా ఒక బగ్ ఉండేది. టేబుల్‌ను ఆపకుండా ఇండెక్స్ (త్వరగా వెతకడానికి కట్టే జాబితా) కట్టే 'కాంకరెంట్లీ' పద్ధతి వాడితే ఇండెక్స్ పాడయ్యే ప్రమాదం ఉండేది. 2022 జూన్‌లో 14.4 వచ్చాక గానీ అది సరికాలేదు. ఇంత జాగ్రత్తగా పనిచేసే ప్రాజెక్టులో కూడా అలాంటివి జరుగుతాయి.

ఇప్పుడు ఓఎస్ సంగతి. దీని మీద కొంచెం ఎక్కువ రాస్తాను, ఎందుకంటే ఎక్కువమంది దెబ్బతినేది ఇక్కడే.

పాత సర్వర్ మీదే ఓఎస్ అప్‌గ్రేడ్ చేస్తే 20.04 నుంచి 22.04, అక్కడి నుంచి 24.04, రెండు దూకుళ్లు. ఆ దారిలో బయటి రిపాజిటరీలను అప్‌గ్రేడర్ ఆపేస్తుంది. చివర్లో 'వాడకంలో లేని ప్యాకేజీలు తీసెయ్యాలా' అని అడుగుతుంది. కొత్త ఓఎస్‌లో పోస్ట్‌గ్రెస్ 12 ఉండదు కాబట్టి అది కూడా ఆ జాబితాలో పడుతుంది. ఆలోచించకుండా అవును అంటే డేటా ఫోల్డర్ డిస్క్ మీద అలాగే ఉంటుంది, దాన్ని తెరిచే 12 ప్రోగ్రామ్ మాత్రం పోతుంది. పీజీ_అప్‌గ్రేడ్‌కు (పాత డేటా ఫోల్డర్‌ను కొత్త వెర్షన్‌కు మార్చే ప్రోగ్రామ్‌కు) పాత, కొత్త రెండు ప్రోగ్రాములూ కావాలి. డంప్ తియ్యాలన్నా పాత సర్వర్ నడుస్తూ ఉండాలి. అర్ధరాత్రి ఆర్కైవ్‌లో పాత ప్యాకేజీ కోసం వెతుక్కునే పరిస్థితి మీకు వద్దు.

రెండో సంగతి ఇంకా లోతైనది, చాలామందికి తెలియదు. పోస్ట్‌గ్రెస్ అక్షరాల వరుస క్రమాన్ని మామూలుగా ఓఎస్‌లోని జీలిబ్‌సీ (ప్రోగ్రాములన్నీ వాడుకునే మూల లైబ్రరీ) నుంచి తీసుకుంటుంది. ఇండెక్స్ అంటే వరుసలో పేర్చి పెట్టిన జాబితా. కింద వరుస నియమం మారి, జాబితా పాత నియమం ప్రకారమే ఉండిపోతే వెతుకులాట దారి తప్పుతుంది. జీలిబ్‌సీ 2.28లో ఈ క్రమం భారీగా మారింది. హైఫన్ ఉన్న మాటల మీద ఆ మార్పు బాగా కనిపిస్తుంది. అమెరికన్ ఇంగ్లిష్ లొకేల్‌లో (భాష, ప్రాంతం సెట్టింగ్‌లో) పాత నియమం ప్రకారం '11' ముందు వచ్చి '1-1' తర్వాత వచ్చేది, కొత్త నియమంలో '1-1' ముందు వస్తుంది. మన డోర్ నంబర్లు ఎలా ఉంటాయో తెలుసు కదా: 4-12-7, 6-3-11/2. వాటి నిండా హైఫన్లే.

నేను చూసిన ఒక కేసు. ఒక కేబుల్ ఆపరేటర్ బిల్లింగ్ సర్వర్‌ను సెంటోస్ 7 నుంచి కొత్త ఓఎస్‌కు మార్చారు. పోస్ట్‌గ్రెస్ వెర్షన్ అదే, డేటా ఫోల్డర్‌ను అలాగే కాపీ చేశారు. సెంటోస్ 7లో జీలిబ్‌సీ 2.17. మొదటి వారం ఏమీ తెలియలేదు. తర్వాత ఫిర్యాదులు మొదలయ్యాయి: డోర్ నంబర్‌తో వెతికితే కస్టమర్ లేడంటుంది, ఫోన్ నంబర్‌తో వెతికితే ఉన్నాడంటుంది. లేడనుకుని కౌంటర్‌లో వాళ్లు అదే డోర్ నంబర్‌తో కొత్త కస్టమర్‌ను చేర్చేస్తున్నారు. యూనిక్ ఇండెక్స్ (ఒకే విలువను రెండోసారి రానివ్వనిది) ఉన్నా అది ఆపలేదు, ఎందుకంటే ఆ ఇండెక్స్‌కే పాత రికార్డు కనిపించడం లేదు. రీఇండెక్స్ (ఇండెక్స్‌ను మళ్లీ కట్టే కమాండ్) కొట్టబోతే డూప్లికేట్లు ఉన్నాయని ఆగిపోయింది. ఒక్కో కస్టమర్ రెండు ఖాతాలనూ చూసి, ఏ వసూలు ఎక్కడ పడిందో తేల్చి కలిపాకే రీఇండెక్స్ పూర్తయింది.

మీ 20.04లో జీలిబ్‌సీ 2.31 కాబట్టి ఆ పెద్ద మార్పు మీకు ఎప్పుడో దాటిపోయింది. కానీ తర్వాతి వెర్షన్లలో చిన్న మార్పులు ఉండవని ఎవరూ హామీ ఇవ్వలేదు. 24.04లో ఉన్నది 2.39. అందుకే డేటా ఫోల్డర్‌ను ఒక ఓఎస్ నుంచి ఇంకో ఓఎస్‌కు కాపీ చెయ్యకండి, స్ట్రీమింగ్ రెప్లికా (డేటా ఫోల్డర్‌ను ఎప్పటికప్పుడు యథాతథంగా నకలు చేసే రెండో సర్వర్) ద్వారా కూడా తరలించకండి. డంప్, రీస్టోర్ దారిలో ఇండెక్సులన్నీ కొత్త సర్వర్ మీద మళ్లీ కట్టబడతాయి, ఈ సమస్యే ఉండదు. ఏళ్ల తరబడి టేబుళ్లలో పేరుకున్న ఖాళీ స్థలం కూడా పోతుంది. 60 జీబీకి ఆ దారి హాయిగా సరిపోతుంది.

ఇక చేసే పని. ముందు కొత్త సర్వర్ మీద రిహార్సల్ ఒకటి పూర్తిగా చెయ్యండి, టైమ్ రాసిపెట్టుకోండి. డంప్‌కు 17తో వచ్చిన పీజీ_డంప్‌నే వాడండి. కొత్త పీజీ_డంప్ పాత సర్వర్‌ను చదవగలదు, పాత పీజీ_డంప్‌కు కొత్త సర్వర్ సంగతి తెలియదు. డైరెక్టరీ ఫార్మాట్‌లో నాలుగు జాబ్‌లతో తీస్తే టేబుళ్లు సమాంతరంగా నడుస్తాయి. రీస్టోర్ కూడా అలాగే. పీజీ_డంప్‌లో యూజర్లు, పాస్‌వర్డులు రావు, వాటిని పీజీ_డంప్‌ఆల్‌తో 'గ్లోబల్స్ ఓన్లీ' ఆప్షన్ పెట్టి విడిగా తియ్యాలి. రీస్టోర్ జరిగేంతసేపు మెయింటెనెన్స్_వర్క్_మెమ్ (ఇలాంటి పనులకు ఇచ్చే మెమరీ) పెంచితే ఇండెక్సులు త్వరగా కడుతుంది.

రీస్టోర్ అయ్యాక ఎనలైజ్ (టేబుళ్ల గణాంకాలు లెక్కించే కమాండ్) కొట్టకుండా జనాన్ని లోపలికి రానివ్వకండి. ప్లానర్‌కు (ప్రతి వెతుకులాటకూ దారి ఎంచే భాగానికి) కావలసిన గణాంకాలు 17కి వచ్చే డంప్‌తో రావు, పీజీ_అప్‌గ్రేడ్‌తో కూడా రావు. 18కి పీజీ_అప్‌గ్రేడ్ చేసేవాళ్లకు మాత్రం వాటిలో ఎక్కువ భాగం వెంట వస్తాయి. ఒక డయాగ్నస్టిక్ సెంటర్‌లో అప్‌గ్రేడ్ చేసిన మర్నాడు ప్రతి రిపోర్టూ నిమిషాల తరబడి తిరుగుతోందని, కొత్త వెర్షన్ స్లో అని వెనక్కి వెళ్లడానికి సిద్ధపడ్డారు. వ్యాక్యూమ్‌డీబీని 'ఎనలైజ్ ఇన్ స్టేజెస్' ఆప్షన్‌తో నడిపిస్తే అన్నీ మామూలు వేగానికి వచ్చేశాయి.

కాన్ఫిగ్ (సెట్టింగుల) ఫైల్‌ను పాతదాని నుంచి మొత్తంగా కాపీ చెయ్యొద్దు. తనకు తెలియని సెట్టింగ్ కనిపిస్తే పోస్ట్‌గ్రెస్ మొదలవ్వదు. 12కూ 17కూ మధ్య పోయినవి కొన్ని ఉన్నాయి: వాల్_కీప్_సెగ్మెంట్స్ 13లో వాల్_కీప్_సైజ్ అయింది, స్టాట్స్_టెంప్_డైరెక్టరీ 15లో పోయింది, ఓల్డ్_స్నాప్‌షాట్_థ్రెషోల్డ్ 17లో పోయింది. కొత్త ఫైల్ తీసుకుని, మీరు మార్చుకున్న విలువలను మాత్రమే ఒక్కొక్కటిగా ఎక్కించండి.

లాగిన్ దగ్గర తప్పకుండా ఒక తలనొప్పి వస్తుంది, ముందే చెప్తున్నాను. 14 నుంచి పాస్‌వర్డులను దాచే డిఫాల్ట్ పద్ధతి ఎండీ5 నుంచి స్క్రామ్‌కు మారింది. మీ పాత యూజర్ల పాస్‌వర్డులు ఎండీ5 రూపంలోనే కొత్త సర్వర్‌కు వస్తాయి. కొత్త పీజీ_హెచ్‌బీఏ ఫైల్‌లో (ఎవరు ఎలా లాగిన్ అవ్వాలో రాసే ఫైల్‌లో) 'స్క్రామ్-ఎస్‌హెచ్‌ఏ-256' అని ఉంటుంది కాబట్టి సరైన పాస్‌వర్డ్ కొట్టినా లోపలికి రానివ్వదు. తాత్కాలికంగా అక్కడ 'ఎండీ5' అని రాస్తే రెండు రకాలవాళ్లూ లాగిన్ అవుతారు. తర్వాత ఒక్కో యూజర్‌కు పాస్‌వర్డ్ మళ్లీ సెట్ చేసి, అందరూ మారాక 'స్క్రామ్-ఎస్‌హెచ్‌ఏ-256' పెట్టండి. దీన్ని నాన్చకండి, 18 నుంచి ఎండీ5 పాస్‌వర్డులు తీసేసే దారిలో ఉన్నాయి. డ్రైవర్ (మీ సాఫ్ట్‌వేర్‌ను పోస్ట్‌గ్రెస్‌తో కలిపే భాగం) కూడా చూసుకోండి. మీది జావా అయితే జేడీబీసీ డ్రైవర్ 42.2.0 కంటే పాతదైతే స్క్రామ్ దానికి రాదు.

15లో పబ్లిక్ స్కీమాలో (టేబుళ్లు మామూలుగా పడే చోట) ఎవరు పడితే వాళ్లు టేబుళ్లు కట్టే హక్కు తీసేశారు. డంప్ నుంచి వచ్చిన డేటాబేస్‌కు పాత హక్కులే వస్తాయి, కానీ రేపు మీరు కొత్త కోల్డ్ స్టోరేజీకి కొత్త డేటాబేస్ కట్టినప్పుడు 'పర్మిషన్ డినైడ్' అని వస్తుంది. అప్పుడు సూపర్‌యూజర్ హక్కులు ఇచ్చేసి వదిలించుకోకండి. ఆ డేటాబేస్‌కు మీ యాప్ యూజర్‌ను ఓనర్‌గా పెడితే సరిపోతుంది.

రెండో సర్వర్‌కు డబ్బులు లేవు, అదే మెషీన్‌లో చెయ్యాలి అనేవాళ్లు కూడా ఇది చదువుతుంటారు. 22.04 లాంటి సపోర్ట్ ఉన్న ఓఎస్ మీద ఉంటే అది కూడా మంచి దారే. 17 ప్యాకేజీ, మీ ఎక్స్‌టెన్షన్ల 17 ప్యాకేజీలు ముందు వేసుకోవాలి. వెయ్యగానే పుట్టిన ఖాళీ క్లస్టర్‌ను తీసేసి, పీజీ_అప్‌గ్రేడ్‌క్లస్టర్ నడపాలి. పోర్టులను అదే మార్చుకుంటుంది. పీజీ_డ్రాప్‌క్లస్టర్ (క్లస్టర్‌ను తీసేసే కమాండ్) కొట్టే ముందు పీజీ_ఎల్ఎస్‌క్లస్టర్స్ (ఉన్న క్లస్టర్ల జాబితా) చూసి, వెర్షన్ నంబర్‌ను పైకి చదివి మరీ ఎంటర్ కొట్టండి. 17 బదులు పాత నంబర్ పడితే పోయేది మీ అసలు డేటా. పెద్ద డేటాబేస్‌కు లింక్ పద్ధతి (కాపీ చెయ్యకుండా పాత ఫైళ్లనే వాడుకోవడం) నిమిషాల్లో అవుతుంది. కానీ కొత్త క్లస్టర్ ఒక్కసారి మొదలయ్యాక పాతదాన్ని మళ్లీ తెరవలేం. కాబట్టి వేరే డిస్క్ మీద, రీస్టోర్ చేసి చూసిన బ్యాకప్ ఉంటేనే ఆ దారి ఎంచుకోండి.

రాత్రంతా ఆపడం కుదరదంటే లాజికల్ రెప్లికేషన్ (పాత సర్వర్ నడుస్తుండగానే మార్పులను కొత్తదానికి పంపే పద్ధతి) ఉంది. దానికి ప్రతి టేబుల్‌కూ ప్రైమరీ కీ లాంటి గుర్తింపు ఉండాలి, సీక్వెన్సుల (వరుస నంబర్లు ఇచ్చేవాటి) విలువలు రావు, చేత్తో ముందుకు జరపాలి. అది మర్చిపోతే కొత్త సర్వర్‌లో మొదటి బిల్లు నంబరే పాత బిల్లు నంబర్‌తో ఢీకొంటుంది. మీ పనికి ఇంత శ్రమ అవసరం లేదు. మిర్చి యార్డుకు వేసవి సెలవులు ఇచ్చే రోజుల్లో ఒక శనివారం రాత్రి చాలు. ఫిబ్రవరి నుంచి ఏప్రిల్ దాకా, సరుకు లోపలికి వచ్చే రోజుల్లో మాత్రం దీన్ని ముట్టుకోవద్దు.

మై ఎస్‌క్యూఎల్ అనే ఇంకో డేటాబేస్ వాడేవాళ్లకు ఒక్క మాట: అక్కడ ఇలా దూకడం కుదరదు. 5.7లో ఉన్నవాళ్లు ముందు 8.0కు, తర్వాతే 8.4కు వెళ్లాలి, ఒకసారి వెళ్లాక ఆ డేటా ఫోల్డర్‌తో వెనక్కి రాలేరు. దాని నుంచే పుట్టిన మరియాడీబీ కూడా అదేలే అనుకుని మై ఎస్‌క్యూఎల్ 8.0 డేటా ఫోల్డర్‌ను దానికి తగిలించకండి, తెరుచుకోదు.

వెనక్కి వచ్చే దారిని ముందే కాగితం మీద రాసుకోండి. కొత్త సర్వర్‌లో మొదటి బిల్లు పడేదాకే సులభంగా వెనక్కి రావచ్చు. ఆ తర్వాత పడిన ఎంట్రీలు పాతదాంట్లో ఉండవు. అందుకే తెరిచే ముందు కొన్ని టేబుళ్ల వరుసల సంఖ్య, నిన్నటి వసూళ్ల మొత్తం, ఒక పెద్ద రైతు ఖాతా నిల్వ రెండు సర్వర్ల మీదా పోల్చండి. పోల్చే పని మీ అకౌంటెంట్‌తో చేయించండి. తప్పు ఎక్కడుందో ఆయన కంటికి త్వరగా దొరుకుతుంది. పాత సర్వర్‌లో రాసే దారి మూసి, చదవడానికి మాత్రం నెల రోజులు ఉంచండి.

తర్వాత మైనర్ అప్‌డేట్ల సంగతి. ఫిబ్రవరి, మే, ఆగస్ట్, నవంబర్ నెలల్లో రెండో గురువారం అవి వస్తాయి. డేటా ఫార్మాట్ మారదు, ప్యాకేజీ మార్చి రీస్టార్ట్ చేస్తే చాలు. వీటిని ఆపి ఉంచమని కొందరు సలహా ఇస్తారు, నేను ఒప్పుకోను. నేను వారం ఆగి వేస్తాను. 2024 నవంబర్ 14న వచ్చిన 17.1 వల్ల టైమ్‌స్కేల్‌డీబీ లాంటి ఎక్స్‌టెన్షన్లకు ఇబ్బంది వచ్చింది, వారానికే 21న 17.2 ఇచ్చి సరిచేశారు. ఆ వారం ఆగినవాళ్లకు ఆ ఇబ్బంది తగల్లేదు. ఆటోమేటిక్ అప్‌డేట్లకు వదిలేస్తే మాత్రం మిట్టమధ్యాహ్నం రద్దీలో రీస్టార్ట్ అయ్యే అవకాశం ఉంది. టైమ్ మీ చేతిలో ఉంచుకోండి.

మీ దగ్గర పీజీ_టీఆర్‌జీఎమ్ కాక ఇంకేమైనా ఎక్స్‌టెన్షన్లు ఉన్నాయేమో పీఎస్‌క్యూఎల్‌లో (పోస్ట్‌గ్రెస్ కమాండ్లు కొట్టే చోట) జాబితా తీసి ఇక్కడ పెట్టండి. డేటాబేస్ లొకేల్ ఏమిటో, జావానో పైథానో కూడా రాయండి. అవి చూసి రిహార్సల్‌కు కావలసిన కమాండ్లు వరుసగా రాసిస్తాను.